ప్లాన్‌లో కనిపించిన 200: పార్టిషన్ టేబుళ్ల స్టాటిస్టిక్స్ మీద ఒక కేస్ స్టడీ

పార్శిళ్లు చేరవేసే ఒక సంస్థలో జరిగిన విషయం ఇది. సంస్థను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. రికార్డుల లెక్కలు కూడా అసలువి కావు, కానీ వాటి మధ్య నిష్పత్తులు అలాగే ఉంచాను. ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా ఆ నిష్పత్తుల్లోనే ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పార్టిషన్లు (ఒక పెద్ద టేబుల్‌ను విడగొట్టిన ముక్కలు) వాడుతున్న ప్రతి టీమ్‌కూ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య. ఎదురైన రోజు ఎర్రర్ రాదు, అలర్ట్ మోగదు, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నెమ్మదిస్తుందంతే. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఈ సంస్థ డేటా మొదట్లో ఒరాకిల్ డేటాబేస్‌లో ఉండేది. రెండేళ్లకు పైగా అయింది పోస్ట్‌గ్రెస్‌కు మారి. మారినప్పుడు వెర్షన్ 12. ఇందులో మనకు కావాల్సినవి రెండు పెద్ద టేబుళ్లు. ఒకటి బుకింగ్ టేబుల్: ఒక్కో పార్శిల్‌కు ఒక్క రికార్డు, నెలకో పార్టిషన్, మొత్తం 36. రెండోది ట్రాకింగ్ టేబుల్: హబ్‌లో పార్శిల్ బార్‌కోడ్ చదివిన ప్రతిసారీ ఒక రికార్డు, రోజుకో పార్టిషన్, మొత్తం 730. రోజుకు 5 లక్షల బుకింగులు, 40 లక్షల ట్రాకింగ్ రికార్డులు. అంటే ఒక్కో పార్శిల్‌కు సగటున ఎనిమిది.

పార్శిల్ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండోసారి రానివ్వని సూచిక) ఉండే ఉంటుందని అనుకుంటాం. బుకింగ్ టేబుల్‌లో ప్రైమరీ కీ పార్శిల్ నంబరు, బుకింగ్ తేదీ రెండూ కలిపి ఉంది. పార్టిషన్ చేసిన టేబుల్ మీద యూనిక్ కీ పెట్టాలంటే అందులో పార్టిషన్ కీ (దేన్ని బట్టి ముక్కలు చేశామో ఆ కాలమ్, ఇక్కడ బుకింగ్ తేదీ) కూడా ఉండి తీరాలన్నది పోస్ట్‌గ్రెస్ నియమం. కాబట్టి పార్శిల్ నంబరు ఒక్కటే చూస్తే అది యూనిక్ అని మనకు తెలుసు గానీ, ప్లానర్‌కు (క్వెరీని ఏ దారిలో నడపాలో ప్లాన్ వేసే భాగానికి) చెప్పే ఇండెక్స్ ఏదీ లేదు. స్టాటిస్టిక్స్ (టేబుల్‌లోని డేటా ఎలా ఉందో ముందే తీసి దాచిన అంకెలు) చూసే తెలుసుకోవాలి. స్టాటిస్టిక్స్ కూడా లేకపోతే దాని చేతిలో ఏమీ లేనట్టే.

రోజూ తెల్లవారుజామున సెటిల్‌మెంట్ రిపోర్ట్ నడుస్తుంది. గత మూడు రోజుల ట్రాకింగ్ తీసుకుని, పార్శిల్ నంబరు వారీగా గ్రూప్ చేసి, ఒక్కో పార్శిల్ చివరి స్థితి పట్టుకుంటుంది. దాన్ని బుకింగ్‌తో కలిపి, ఏ ఫ్రాంచైజీకి ఎంత రావాలో లెక్కకడుతుంది. మామూలుగా 25 నిమిషాల పని. ఉదయం ఎనిమిదింటికల్లా ఆ అంకెలు ఫ్రాంచైజీలకు వెళ్లాలి. చిన్న ఊళ్లలో డెలివరీ బాయ్స్‌కు రోజువారీ డబ్బులు ఆ అంకెల్ని బట్టే ఇస్తారు. రిపోర్ట్ ఆలస్యమైతే నష్టపోయేది వాళ్లు.

సమస్య

2024 నవంబరుతో వెర్షన్ 12కు కమ్యూనిటీ సపోర్ట్ ముగిసింది. అందుకని ఒక శనివారం రాత్రి పీజీ అప్‌గ్రేడ్ అనే టూల్‌తో 15కు మారారు. డేటా ఫైళ్లను కాపీ చేయకుండా పాతవాటినే వాడుకునే లింక్ మోడ్ వాడారు, అరగంటలో అయిపోయింది. అప్‌గ్రేడ్ చివర్లో ఆ టూలే ఒక సూచన ఇస్తుంది: స్టాటిస్టిక్స్ కొత్త క్లస్టర్‌కు (కొత్త సర్వర్‌కు) రాలేదు, వాక్యూమ్‌డీబీ అనే టూల్‌ను దశలవారీ ఎనలైజ్ (స్టాటిస్టిక్స్ తీసే పని) ఆప్షన్‌తో నడపండి అని. టీమ్ అదీ తు.చ. తప్పకుండా చేసింది.

ఆదివారం ట్రాఫిక్ తక్కువ, ఎవరికీ తేడా తెలియలేదు. సోమవారం తెల్లవారుజామున రిపోర్ట్ ఏడు గంటలు దాటినా పూర్తి కాలేదు, ఆపేశారు. దాంతోపాటు పగటిపూట డాష్‌బోర్డుల్లో కొన్ని క్వెరీలు కూడా మందగించాయి. నన్ను పిలిచేసరికి అందరిదీ ఒకటే మాట: "కొత్త వెర్షన్‌లో ప్లానర్ చెడిపోయింది." వెనక్కి పోదామంటే దారి లేదు. లింక్ మోడ్‌లో కొత్త సర్వర్ ఒకసారి లేచాక పాత డేటా డైరెక్టరీని వాడడం క్షేమం కాదు.

నేను రాకముందు చేసినవి

మొదటి అనుమానం మెమొయిజ్ మీద పడింది. వెర్షన్ 14లో వచ్చిన కొత్త నోడ్ (ప్లాన్‌లో ఒక మెట్టు) అది. నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ఒక్కో రికార్డుకూ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతి) లోపలి ఫలితాలను దాచుకుని మళ్లీ వాడుతుంది. అంచనాలు తప్పితే అది బెడిసికొట్టిన సందర్భాలు లేకపోలేదు. అందుకని సర్వర్ మొత్తానికీ దాన్ని ఆపేశారు. ఏమీ మారలేదు. రిపోర్ట్ ప్లాన్ తీసి చూస్తే అందులో మెమొయిజ్ నోడే లేదు. ప్లాన్‌లో లేనిదాన్ని ఆపి ప్రయోజనం ఉండదు కాబట్టి, తిరిగి ఆన్ చేయమని చెప్పాను. మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతే తర్వాత దేనివల్ల ఏం జరిగిందో తేల్చలేం.

రెండోది కొంచెం ఖరీదైన ప్రయత్నం. స్టాటిస్టిక్స్ సరిగా లేవేమోనని డీఫాల్ట్ స్టాటిస్టిక్స్ టార్గెట్‌ను (స్టాటిస్టిక్స్ ఎంత వివరంగా తీయాలో చెప్పే సెట్టింగ్‌ను) 100 నుంచి 1000కి పెంచి, వాక్యూమ్‌డీబీతో మళ్లీ ఎనలైజ్ చేయించారు. గంటల తరబడి డిస్క్ మీద లోడ్ పడింది. రిపోర్ట్ అలాగే ఉంది. ఆలోచన సరైన దిక్కులోనే వెళ్లింది, చేరాల్సిన చోటికి మాత్రం చేరలేదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఆ 1000 సెట్టింగ్ మాత్రం అలాగే మిగిలిపోయింది, తర్వాత ఇంకో చోట దెబ్బకొట్టింది.

నేను వచ్చాక మొదట చేసింది పరిష్కారం కాదు, ఆ రాత్రి గట్టెక్కే ఏర్పాటు. ప్లాన్‌లో కొంప ముంచుతున్నది నెస్టెడ్ లూప్ అని కనిపిస్తూనే ఉంది. రిపోర్ట్ నడిపే డేటాబేస్ యూజర్‌కు మాత్రమే వర్తించేలా నెస్టెడ్ లూప్ ఆపించాను. రిపోర్ట్ 40 నిమిషాల్లో అయింది. చాలామంది ఇక్కడితో కేసు మూసేస్తారు. నేను వద్దన్నదానికి కారణం ఉంది. అదే రిపోర్ట్‌లో రేట్ కార్డ్ చూసే భాగానికి నెస్టెడ్ లూపే సరైన పద్ధతి, అది లేకపోవడం వల్లే 25 నిమిషాల పని 40 అయింది. పైగా డాష్‌బోర్డుల జబ్బు అలాగే ఉంది. ప్లానర్ తప్పుడు నిర్ణయం తీసుకుంటుంటే దాని చేతిలోంచి ఒక దారి లాగేసుకోవడం కన్నా, ఏ అంకె చూసి అది అలా నిర్ణయించిందో కనుక్కోవడం ముఖ్యం.

ప్లాన్ చదివిన తీరు

ప్లాన్‌ను నేను కింది నుంచి పైకి చదువుతాను. ఒక్కో నోడ్ దగ్గర అంచనా ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని పక్కపక్కన పెట్టుకుంటాను. పెద్ద తేడా ఎక్కడ ఉందని వెతకను, తేడా మొదట ఎక్కడ పుట్టిందో వెతుకుతాను. పైనున్న తప్పులన్నీ కింద పుట్టిన తప్పుకు పిల్లలే.

అట్టడుగున మూడు రోజుల ట్రాకింగ్ పార్టిషన్లను చదివే నోడ్లు. అంచనా సుమారు 1.2 కోట్లు, నిజం కూడా అంతే. దాదాపు తేడా లేదు. పార్టిషన్ల స్టాటిస్టిక్స్ తాజాగా ఉన్నాయనడానికి ఇది రుజువు. ఆ పైన పార్శిల్ నంబరు వారీగా గ్రూప్ చేసే హాష్ అగ్రిగేట్. నిజంగా వచ్చినవి 30 లక్షల గ్రూపులు. అంచనా 200.

ఆ 200 చూడగానే మిగతా ప్లాన్ పక్కన పెట్టేశాను. అది ఈ సంస్థ డేటాలోంచి వచ్చిన అంకె కాదు. ఒక కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలు ఉన్నాయో చెప్పే స్టాటిస్టిక్స్ అసలు లేనప్పుడు పోస్ట్‌గ్రెస్ వేసుకునే డీఫాల్ట్ అంకె అది, సోర్స్ కోడ్‌లోనే రాసి ఉంటుంది. పాత స్టాటిస్టిక్స్ అయితే ఏ 9 లక్షలో, 22 లక్షలో కనిపించేది. గుండుగుత్తగా 200 అంటే ప్లానర్‌కు ఏమీ తెలియదని అర్థం.

ఇక మిగతా కథ దానంతట అదే నడుస్తుంది. 200 పార్శిళ్లే కదా అని ప్లానర్ నెస్టెడ్ లూప్ ఎంచుకుంది. ట్రాకింగ్‌లో బుకింగ్ తేదీ లేదు కాబట్టి ఒక్కో పార్శిల్ కోసం బుకింగ్ టేబుల్ 36 పార్టిషన్ల ఇండెక్సులనూ తట్టాలి. ప్లానర్ లెక్కలో 7,200 సార్లు, చాలా చవక. నిజానికి 30 లక్షలు ఇంటూ 36, అంటే 10.8 కోట్ల సార్లు. రిపోర్ట్ ఏడు గంటలైనా తేలకపోవడానికి కారణం ఇదే. హాష్ అగ్రిగేట్ కూడా 200 గ్రూపులకు సరిపడా మెమరీ చాలనుకుని మొదలై డిస్క్ మీదకు పొర్లింది. వెర్షన్ 13కు ముందైతే అలా పొర్లే సదుపాయమే లేదు, మెమరీ పెరుగుతూ పోయి సర్వర్ ప్రాసెస్‌నే ఆపరేటింగ్ సిస్టమ్ చంపేసే ప్రమాదం ఉండేది.

ఇక్కడ టీమ్‌లో ఒక కుర్రాడు వేసిన ప్రశ్న చాలా విలువైనది. "సార్, తేదీ ఇచ్చాం కాబట్టి మిగిలింది మూడు పార్టిషన్లే. వాటి స్టాట్స్ తాజాగా ఉన్నాయని మీరే అన్నారు. మరి ఇంకేం స్టాట్స్ లేవు?"

ఈ కేసు గుట్టు ఆ ప్రశ్నలోనే ఉంది. పార్టిషన్ టేబుల్‌కు స్టాటిస్టిక్స్ రెండు రకాలు. ఒక్కో పార్టిషన్‌కు దానివి దానికి ఉంటాయి. పేరెంట్‌కు (పార్టిషన్లన్నీ ఏ టేబుల్ కింద ఉన్నాయో ఆ అసలు టేబుల్‌కు), అన్ని పార్టిషన్లనూ కలిపి ఒకే టేబుల్‌గా చూసిన స్టాటిస్టిక్స్ విడిగా ఉంటాయి. ఒక పార్టిషన్‌లోంచి ఎన్ని రికార్డులు వస్తాయి అన్న ప్రశ్నకు ప్లానర్ ఆ పార్టిషన్ స్టాటిస్టిక్స్ చూస్తుంది. కానీ జాయిన్‌లో (రెండు టేబుళ్లను కలిపేటప్పుడు) ఎన్ని జత కుదురుతాయి, గ్రూప్ చేస్తే ఎన్ని గ్రూపులు తేలతాయి అన్న ప్రశ్నలు క్వెరీలో రాసిన పేరెంట్ టేబుల్ మీద అడిగినవి. వాటికి పేరెంట్ స్టాటిస్టిక్సే చూస్తుంది. ప్రూనింగ్ (అక్కర్లేని పార్టిషన్లను వదిలేయడం) అయ్యాక ఒక్క పార్టిషనే మిగిలినా సరే, ఇది మారదు. పార్టిషన్లవి కలిపి ఒక అంకె తీయడం కూడా దానికి చేతకాదు. 40 లక్షల్లో ఉన్న పార్శిళ్లు, మర్నాటి 40 లక్షల్లో ఉన్న పార్శిళ్లు ఎన్ని ఒకటే, ఎన్ని వేరు అనేది విడివిడి లెక్కల్లోంచి తేలదు కదా.

కాబట్టి గుర్తు ఇదీ: స్కాన్ అంచనాలు సరిగ్గా ఉండి, జాయిన్ దగ్గరో గ్రూపింగ్ దగ్గరో ఒక్కసారిగా తప్పిపోతే, ముందు పేరెంట్ స్టాటిస్టిక్స్ చూడాలి.

ఎక్కడ తప్పిపోయాయి

పీజీ స్టాట్స్ అనే వ్యూలో ఇన్‌హెరిటెడ్ అని ఒక కాలమ్ ఉంటుంది. అది ట్రూ అయిన వరుసలే పేరెంట్ కలిపిచూసిన స్టాటిస్టిక్స్. ప్రొడక్షన్‌లో (అసలు పని నడిచే సర్వర్‌లో) ట్రాకింగ్‌కూ బుకింగ్‌కూ అలాంటి వరుస ఒక్కటీ లేదు. స్టేజింగ్‌లో (పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్‌లో) అన్నీ ఉన్నాయి.

టీమ్‌ను అంతవరకూ తికమక పెట్టింది కూడా స్టేజింగే. అదే వెర్షన్ 15, అవే సెట్టింగులు, డేటా కూడా ప్రొడక్షన్ బ్యాకప్‌దే. అక్కడ రిపోర్ట్ చక్కగా నడిచింది, దాన్ని చూసుకునే అప్‌గ్రేడ్‌కు పచ్చజెండా ఊపారు. తేడా డేటాలో లేదు, అక్కడికి వచ్చిన దారిలో ఉంది. స్టేజింగ్‌ను డంప్ (డేటాను ఎగుమతి చేసిన ఫైల్) నుంచి రీస్టోర్ చేసి, టేబుల్ పేరు ఇవ్వకుండా ఎనలైజ్ కమాండ్ ఒక్కటి ఇచ్చారు. అలా ఇస్తే డేటాబేస్‌లోని పేరెంట్ టేబుళ్లు కూడా అందులోకి వస్తాయి. ప్రొడక్షన్‌లో వాడింది వాక్యూమ్‌డీబీ. ఈ వెర్షన్‌లో దానికి టేబుళ్ల పేర్లు ఇవ్వకపోతే మామూలు టేబుళ్లు, మెటీరియలైజ్డ్ వ్యూలు మాత్రమే ఏరుకుంటుంది. పార్టిషన్లు మామూలు టేబుళ్లే కాబట్టి అవన్నీ వస్తాయి, పేరెంట్ రాదు. రెండూ ఎనలైజ్ చేసేవే, రెండూ విజయవంతంగా ముగిశామనే చెబుతాయి. టార్గెట్ 1000కి పెంచి మళ్లీ నడిపినా లాభం లేకపోయింది ఇందుకే. పార్టిషన్లను పదింతలు శ్రద్ధగా చదివింది, పేరెంట్ జోలికే పోలేదు.

మరి వెనక దానంతట అదే నడుస్తూ స్టాటిస్టిక్స్ తాజా చేసే ఆటోవాక్యూమ్ ఏం చేస్తోంది? అది ఎప్పుడు ఎనలైజ్ చేయాలో నిర్ణయించేది మారిన రికార్డుల కౌంటర్ చూసి: 50 రికార్డులు, ఆపైన టేబుల్‌లో 10 శాతం. పేరెంట్‌లో సొంత రికార్డులు ఉండవు, మార్పులన్నీ పార్టిషన్ల ఖాతాలో పడతాయి. పేరెంట్‌ను ఆటోవాక్యూమ్ ఎప్పటికీ ఎనలైజ్ చేయదని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాశారు. వెర్షన్ 14 తయారీలో దీన్ని ఆటోమేటిక్ చేసే మార్పు చేర్చారు గానీ, 2021లో రిలీజ్‌కు ముందే వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యలో వచ్చిన వ్యాసాలు చదివినవాళ్లు ఇప్పటికీ అది ఉందనే అనుకుంటుంటారు.

ఈ టీమ్‌లో సీనియర్లందరూ ఒరాకిల్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడ రాత్రి నడిచే ఆటోమేటిక్ జాబ్ పార్టిషన్లతో పాటు టేబుల్ మొత్తానికి గ్లోబల్ స్టాటిస్టిక్స్ కూడా చూసుకుంటుంది. ఒరాకిల్ 11జీ వెర్షన్ నుంచి ఇంక్రిమెంటల్ పద్ధతి ఉంది: మారిన పార్టిషన్‌ను మాత్రం చదివి, మిగతావాటి సారాంశంతో కలిపి గ్లోబల్ అంకె తేలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది లేదు. రెండింటిలోనూ 10 శాతం అనే హద్దు ఒకేలా ఉండేసరికి మిగతాదంతా కూడా ఒకేలా ఉంటుందనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. రెండేళ్లుగా ఎవరూ పేరెంట్‌ను ఎనలైజ్ చేయకపోతే ఇన్నాళ్లూ ఎలా నడిచింది? పాత ఫైళ్లు తిరగేస్తే దొరికింది. ఒరాకిల్ నుంచి మారినప్పటి స్క్రిప్ట్ చివర్లో పేర్లు లేని ఎనలైజ్ కమాండ్ ఉంది. ఆ ఒక్కసారి తీసిన స్టాటిస్టిక్స్‌తోనే రెండేళ్లూ గడిచాయి. వేర్వేరు విలువల సంఖ్య మొత్తం రికార్డుల్లో 10 శాతం దాటితే, పోస్ట్‌గ్రెస్ దాన్ని స్థిరమైన అంకెగా కాక రుణాత్మక భిన్నంగా దాచుకుంటుంది, టేబుల్ పెరిగేకొద్దీ అంచనా కూడా పెరగడానికి. పార్శిల్ నంబరుకు అదే జరిగింది కాబట్టి రెండేళ్లయినా పాతబడలేదు. వెర్షన్ 18కు ముందు పీజీ అప్‌గ్రేడ్ స్టాటిస్టిక్స్‌ను తీసుకురాదు, కాబట్టి ఆ రాత్రి అవి పోయాయి.

పరిష్కారం, దాని వెంట వచ్చిన ఇబ్బంది

ప్రొడక్షన్‌లో చేసే ముందు ఒక క్లోన్ (ప్రొడక్షన్ నకలు) మీద పాత వెర్షన్ నుంచి మొత్తం దారి మళ్లీ నడిపించాం. వాక్యూమ్‌డీబీ తర్వాత అదే చెడ్డ ప్లాన్ వచ్చింది, పేరెంట్‌ను ఎనలైజ్ చేయగానే హాష్ జాయిన్ (ఒక్కో రికార్డుకూ వెతక్కుండా రెండు వైపులా మొత్తంగా చదివి కలిపే పద్ధతి) వచ్చింది. కారణం అదేనని రూఢి అయ్యాక మధ్యాహ్నం ప్రొడక్షన్‌లో రెండు పేరెంట్లనూ ఎనలైజ్ చేయించాను. నెస్టెడ్ లూప్ నిషేధం తీసేశాం. మర్నాడు రిపోర్ట్ 23 నిమిషాల్లో అయింది.

ఆ ఊపులో టీమ్ పేరెంట్ ఎనలైజ్‌ను రోజూ అర్ధరాత్రి నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే షెడ్యూలర్‌లో) పెట్టేసింది. రెండో రాత్రే ట్రాకింగ్ రికార్డులు రావడం ఆగిపోయింది. హబ్‌లలో బార్‌కోడ్ మెషీన్లు తిరుగుతూ ఉండిపోయాయి, డ్యూటీలో ఉన్నవాళ్లకు ఒకటే టెన్షన్.

జరిగింది ఇదీ. ఎనలైజ్ పేరెంట్ మీద షేర్ అప్‌డేట్ ఎక్స్‌క్లూజివ్ లాక్ తీసుకుంటుంది. ఆ లాక్ రికార్డులు చేర్చడాన్ని ఆపదు. కానీ 12:05కు మర్నాటి పార్టిషన్ సృష్టించే జాబ్ ఉంది. పేరెంట్‌కు పార్టిషన్‌గా నేరుగా టేబుల్ సృష్టిస్తే దానికి పేరెంట్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఇంకెవరినీ టేబుల్‌ను ముట్టుకోనివ్వని లాక్) కావాలి. అది ఎనలైజ్ కోసం క్యూలో నిలబడింది. దాని వెనక వచ్చిన ప్రతి ఇన్‌సర్టూ దాని కోసం నిలబడింది. ఎనలైజ్ త్వరగా అయిపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ టార్గెట్ 1000గా మిగిలిపోయింది. శాంపిల్ పరిమాణం టార్గెట్‌కు 300 రెట్లు: 100 అయితే 30,000 రికార్డులు, 1000 అయితే 3 లక్షలు. పార్టిషన్ల సైజును బట్టి ఆ శాంపిల్‌ను అన్నిటికీ పంచుతారు. అంటే రెండేళ్ల పాత పార్టిషన్లున్న నెమ్మది డిస్కుల్లో కూడా అక్కడో పేజీ, ఇక్కడో పేజీ చదవాలి. లాక్ నిమిషాల పాటు నిలిచిపోయింది.

అందుకని నిర్వహణను మొదటి నుంచి ఆలోచించాం. ముందు ఖర్చు లెక్క. 100 టార్గెట్‌తో పేరెంట్ సొంత శాంపిల్‌కు చదివేది ఎక్కువలో ఎక్కువ 30,000 పేజీలు, పేజీ 8 కేబీ చొప్పున 240 ఎంబీ. అసలు ఖర్చు తర్వాత ఉంది. వెర్షన్ 15లో పేరెంట్‌ను ఎనలైజ్ చేయమంటే, అది అయ్యాక ఒక్కో పార్టిషన్‌నూ విడిగా ఎనలైజ్ చేస్తుంది, వద్దనే వీలు లేదు. ట్రాకింగ్‌లో ఒక రోజు పార్టిషన్ సుమారు 75,000 పేజీలు. అందులో 30,000 చొప్పున 730 పార్టిషన్లకు 2.19 కోట్ల పేజీలు, సుమారు 175 జీబీ. నిరుడు దీపావళి నాటి పార్టిషన్‌లో ఒక్క అక్షరం మారదు, అయినా ప్రతిసారీ చదువుతుంది.

కాలమ్ పేర్లు ఇచ్చి ఎనలైజ్ చేస్తే తగ్గుతుందా అని అడిగారు. పేజీల లెక్క తగ్గదు, సార్టింగ్ పని తగ్గుతుంది. అయితే ఒక లాభం ఉంది: శాంపిల్ సైజును ఆ విడతలో ఉన్న కాలమ్‌ల టార్గెట్లలో పెద్దది నిర్ణయిస్తుంది. కాబట్టి సర్వర్ టార్గెట్‌ను 100కి దించాం. విలువలు బాగా ఎగుడుదిగుడుగా ఉన్న కస్టమర్ కోడ్, గమ్య హబ్ లాంటి కాలమ్‌లకు మాత్రం బుకింగ్ టేబుల్‌లో 500 ఉంచాం. ట్రాకింగ్‌లో దేనికీ పెంచలేదు.

తర్వాత, ఎంత తరచుగా? ఇక్కడే ఎక్కువ చర్చ జరిగింది. రోజూ కావాలన్నది టీమ్ పట్టు. నేను ఒక్కో అంకె ఎలా పాతబడుతుందో చూద్దామన్నాను. తేదీ కాలమ్ హిస్టోగ్రామ్ (విలువలు ఎలా పరుచుకున్నాయో చెప్పే లెక్క) రోజూ పాతబడుతుంది, కానీ తేదీ ఫిల్టర్ల అంచనా పార్టిషన్ల స్టాటిస్టిక్స్ నుంచి వస్తుంది, వాటిని ఆటోవాక్యూమ్ చూసుకుంటోంది. పార్శిల్ నంబరు నిష్పత్తి రెండేళ్లయినా పాతబడదని ఈ కేసే చూపించింది. నిజంగా పాతబడేది ఎక్కువసార్లు వచ్చే విలువల జాబితా. కొత్తగా ఒక పెద్ద ఆన్‌లైన్ వ్యాపారి చేరి బుకింగుల్లో ఐదో వంతు అతనివే అయితే, ఆ కోడ్ పేరెంట్ జాబితాలో లేనంతకాలం కాంట్రాక్ట్ టేబుల్‌తో జాయిన్ అంచనాలు తప్పుతాయి. అలాంటివి ఏడాదికి కొన్నిసార్లే. కాబట్టి వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం. పెద్ద కస్టమర్ చేరినప్పుడు, పాత డేటా మొత్తంగా లోడ్ చేసినప్పుడు, వెర్షన్ మారినప్పుడు విడిగా ఒకసారి.

పార్శిల్ నంబరు నిష్పత్తిని శాంపిల్‌కు వదిలేయలేదు. వందల కోట్ల రికార్డుల్లోంచి 30,000 తీస్తే, అదే పార్శిల్ రెండుసార్లు తగలడం పూర్తిగా అదృష్టం మీద ఉంటుంది. ఒక్కసారీ తగలకపోతే ఆ కాలమ్ యూనిక్ అనుకుంటుంది. ఒకే హబ్‌లో వెంటవెంటనే నమోదైన రికార్డులు ఒకే పేజీలో ఉండి కొన్ని తగిలితే, నిజానికి పదుల కోట్లున్న చోట కొన్ని లక్షలని తేలుస్తుంది. క్లోన్ మీద వరుసగా ఎనలైజ్ చేసి చూస్తే ఈ అంకె ప్రతిసారీ ఊగిపోయింది. ఒక్కో పార్శిల్‌కు ఎనిమిది రికార్డులన్నది వ్యాపారం తెలిసినవాళ్లందరికీ తెలిసిన నిజం. అందుకని ఎన్ డిస్టింక్ట్ ఇన్‌హెరిటెడ్ అనే కాలమ్ సెట్టింగ్‌లో మైనస్ 0.12 (దాదాపు ఎనిమిదో వంతు) అని మనమే ఇచ్చాం. పేరులో ఇన్‌హెరిటెడ్ లేని సెట్టింగ్ కూడా ఒకటుంది, అది పేరెంట్ కలిపిచూసే స్టాటిస్టిక్స్‌కు వర్తించదు. ఇచ్చాక మళ్లీ ఎనలైజ్ చేస్తేనే అమల్లోకి వస్తుంది.

దీంతో మూడు రోజుల రిపోర్ట్‌లో గ్రూపుల అంచనా 14 లక్షల పైచిలుకు వస్తోంది, నిజం 30 లక్షలు. మూడు రోజుల కిటికీలో ఒక పార్శిల్ రికార్డులన్నీ పడవు కాబట్టి ఆ తేడా ఉంటుంది. దాన్ని ఇంకా దగ్గరికి తెద్దామని కూర్చోలేదు. సగానికి సగం తప్పినా హాష్ జాయిన్ నిర్ణయం మారదు. 15,000 రెట్లు తప్పితేనే మారింది.

పార్టిషన్ల సృష్టి పద్ధతి కూడా మార్చాం. ఇప్పుడు వారం ముందే తయారవుతాయి. ముందు విడి టేబుల్‌గా సృష్టించి, తేదీ హద్దులకు సరిపోయే చెక్ కన్‌స్ట్రెయింట్ (షరతు) పెట్టి, ఆ తర్వాత అటాచ్ చేస్తారు. వెర్షన్ 12 నుంచి అటాచ్‌కు పేరెంట్ మీద కావాల్సింది షేర్ అప్‌డేట్ ఎక్స్‌క్లూజివ్ లాకే. అది ఎనలైజ్ కోసం ఆగాల్సి వచ్చినా వెనకున్న ఇన్‌సర్టులను ఆపదు. రెండు జాబులకూ లాక్ టైమౌట్ పెట్టాం.

175 జీబీ సంగతి నెమ్మదిగా తేల్చాం. శాంపిల్ ఒక్కో పార్టిషన్‌కు ఇంత అని స్థిరంగా ఉంటుంది కాబట్టి పార్టిషన్ల సంఖ్య తగ్గితే చదివేది తగ్గుతుంది. మూడు నెలలు దాటిన రోజువారీ పార్టిషన్లను నెలవారీగా కలిపే పని వారాంతాల్లో చేస్తూ వచ్చారు. ఈ వెర్షన్‌లో కలిపే కమాండ్ లేదు, కొత్త టేబుల్‌లోకి కాపీ చేసి, ఒకే ట్రాన్సాక్షన్‌లో పాతవి తీసి కొత్తది తగిలించాలి. 730 కాస్తా 111 అయ్యాయి, ఎనలైజ్ చదివేది 27 జీబీకి దిగింది. ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ తెలియకుండా అయిపోతోంది.

ఈ కేసు తర్వాత నా పనిలో వచ్చిన మార్పులు

ఏ కొత్త క్లయింట్ దగ్గరైనా పార్టిషన్ టేబుళ్ల జాబితా తీసి, పీజీ స్టాట్స్‌లో ఇన్‌హెరిటెడ్ ట్రూ వరుస లేని పేరెంట్లు ఏవో ముందే చూస్తున్నాను. ఎనలైజ్ జాబ్ నడిచిందా అన్నది చూడను, ఆ జాబ్ మిగిల్చిన స్టాటిస్టిక్స్ ఉన్నాయా అన్నదే చూస్తాను. ఈ సంస్థలో ఆ చెక్ ఇప్పుడు మానిటరింగ్‌లో ఉంది, ఒక్క పేరెంట్‌కు లేకపోయినా అలర్ట్ వస్తుంది. ప్లాన్లలో గ్రూపింగ్ దగ్గర అంచనా సరిగ్గా 200 ఉంటే ఎత్తిచూపే చిన్న స్క్రిప్ట్ కూడా టీమ్ కుర్రాడే రాశాడు, ఆ ప్రశ్న వేసినతనే.

అప్‌గ్రేడ్ రిహార్సల్ విషయంలో నా పట్టు పెరిగింది. డంప్‌తో కట్టిన స్టేజింగ్ మీద రిపోర్ట్ బాగుందంటే అది అప్‌గ్రేడ్‌కు పరీక్ష కాదు. ప్రొడక్షన్ ఏ దారిన వెళ్తుందో క్లోన్ కూడా అదే దారిన, అవే కమాండ్లతో వెళ్లాలి.

ఇక్కడ తర్వాతి మజిలీ వెర్షన్ 18. 2025 సెప్టెంబరులో వచ్చిన ఆ వెర్షన్ నుంచి పీజీ అప్‌గ్రేడ్ ప్లానర్ స్టాటిస్టిక్స్‌ను వెంట తీసుకొస్తుంది. ఎనలైజ్‌కు ఓన్లీ అనే మాట చేర్చి, పార్టిషన్లను విడిగా ముట్టుకోకుండా పేరెంట్ స్టాటిస్టిక్స్ మాత్రం తీయొచ్చు. 27 జీబీ బదులు 240 ఎంబీ చదివితే చాలు, అప్పుడు టీమ్ మొదట కోరినట్టు రోజూ నడిపినా అభ్యంతరం ఉండదు. అయితే క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో చేసుకున్న ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్‌ను 18 అప్‌గ్రేడ్ కూడా తీసుకురాదు. బయలుదేరే హబ్, రూటు కోడ్ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయని చెప్పడానికి బుకింగ్ పేరెంట్ మీద అలాంటిది ఒకటి పెట్టుకున్నాం. అందుకే అప్‌గ్రేడ్ కాగితంలో, సర్వర్ లేచిన వెంటనే చేయాల్సిన పనుల్లో, రెండు పేరెంట్ల పేర్లూ రాసి ఎనలైజ్ చేయమన్న లైన్ అలాగే ఉంచమన్నాను.